చక్రాలు నడవడానికి, కాళ్లు నిలబడడానికి

ప్రశ్న: తణుకులో నాకు చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. షట్టరు గది, 14 అడుగుల వెడల్పు, 28 అడుగుల పొడవు. నేల కడప బండలు. అందులో 12 అంగుళాల ప్లేనరు (కర్ర చిత్రిక పట్టే మిషను, పక్కనే గుండ్రటి రంపం అమర్చినది, సుమారు 300 కిలోలు), 18 అంగుళాల బ్యాండ్‌సా (పట్టీ రంపం మిషను, సుమారు 200 కిలోలు), ఒక పిల్లర్ డ్రిల్లు, కర్రను తిప్పుతూ గుండ్రంగా చెక్కడానికి చిన్న లేతు ఉన్నాయి. తలుపులు బిగించేటప్పుడు చోటు చాలడం లేదు. తెలిసిన వెల్డరు చేత బ్యాండ్‌సా కింద నాలుగు బ్రేకు చక్రాలు పెట్టించాను. నెట్టడానికి బాగానే ఉంది కానీ, కోసేటప్పుడు ఊగుతోంది. బ్రేకులు నొక్కినా అంగుళం, రెండంగుళాలు జరుగుతోంది. మొన్న నెడుతుంటే బండల సందులో చక్రం ఇరుక్కుని మిషను ఒక్కసారిగా వాలింది, మా అబ్బాయి పట్టుకున్నాడు కాబట్టి పడలేదు. బ్రేకు గట్టిగా పట్టే చక్రాలు ఏవి కొనాలి? మిగతా మిషన్లకు కూడా పెట్టించవచ్చా? నేల తవ్వించి కాంక్రీటు వేయించాలా?
— ఒక పాఠకుడు, తణుకు

సమాధానం:

ముందు ఆ నాలుగు చక్రాలూ విప్పించి మిషనును నేలమీదకు దించండి. వెల్డింగు చేసి ఉంటే కోయించండి. కొత్త ఏర్పాటు కుదిరేదాకా చోటు ఇరుకుగా ఉన్నా సర్దుకోండి. ఇంకో మాట మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి: 200 కిలోల మిషను వాలుతుంటే పట్టుకోవడానికి వెళ్లకూడదు, పక్కకు తప్పుకోవాలి. ఈసారి అదృష్టం బాగుండి ఆగింది. వాలడం ఒక హద్దు దాటితే ఇద్దరు మనుషులు కూడా ఆపలేరు.

ఇక చక్రాల సంగతి. ఎంత ఖరీదైన బ్రేకు చక్రం కొన్నా మీ బాధ తీరదు. బజారులో దొరికే మామూలు బ్రేకు చక్రాల్లో బ్రేకు పట్టేది చక్రాన్ని మాత్రమే. చక్రం పైన గుండ్రంగా తిరిగే మెడ ఒకటి ఉంటుంది కదా, దానికి బ్రేకు లేదు. చక్రం ఆ మెడకు సరిగ్గా కింద ఉండదు, అంగుళంన్నర పక్కకు ఉంటుంది. అలా ఉంటేనే మనం నెట్టిన వైపుకు తిరుగుతుంది. కాబట్టి చక్రం బిగిసినా మెడ తిరిగినంత మేర మిషను పక్కకు జరుగుతుంది. మీరు చెప్పిన అంగుళం, రెండంగుళాలు అక్కడివే. చక్రాన్నీ మెడనూ కలిపి బిగించే రకం కూడా దొరుకుతుంది. అది కొంత నయం. అయినా మెడలోని బంతుల సందు, టైరు మెత్తదనం ఎక్కడికీ పోవు. కోసేటప్పుడు ఊగేది వాటి మీదే.

అందుకే పనిచేసే వేళ మిషను బరువు చక్రాల మీద ఉండనే కూడదు. జరిపేటప్పుడు చక్రాలు దిగాలి, నిలిపాక కాళ్లు దిగాలి. రెండు పనులూ ఒకే చక్రం చేత చేయించబోతే రెండూ సగం సగమే అవుతాయి. కింద చెప్పేదంతా దీన్ని తక్కువ ఖర్చులో, మీ వెల్డరు చేతనే ఎలా సాధించాలన్నదే.

బ్యాండ్‌సా ప్రమాదకరమైనది కాబట్టి దానితో మొదలుపెడదాం. మీ మిషను కొలతలు నాకు తెలియవు. ఆ సైజు మిషను అడుగు ముందు నుంచి వెనక్కి 18 అంగుళాలు ఉంటుందనుకుని లెక్క వేశాను, మీరు టేపు పెట్టి సరిచూసుకోండి. మిషను నేలమీద ఉన్నప్పుడు బరువు మధ్యలో ఉందనుకుంటే, అంచు నుంచి మధ్యకు 9 అంగుళాలు. నేల నుంచి 4 అడుగుల ఎత్తులో చెయ్యి పెట్టి నెడితే అది వాలడం మొదలుపెట్టడానికి 200 ను 9 తో హెచ్చించి 48 తో భాగించాలి. 37 కిలోల పైచిలుకు బలం కావాలన్నమాట. అంత సులభంగా వాలదు. ఇప్పుడు చక్రాలు పెట్టిన తరువాత చూడండి. చక్రాల పలకలు బిగించడానికి అంచు నుంచి రెండు వైపులా రెండేసి అంగుళాలు లోపలికి వెళ్లి ఉంటారు. చక్రాలు లోపలి వైపుకు తిరిగితే ఇంకో అంగుళంన్నర చొప్పున పోతుంది. 18 అంగుళాల అడుగు కాస్తా 11 అయింది. పైగా మిషను ఐదంగుళాలు పైకి లేచింది. నెట్టేటప్పుడు చక్రం బండల సందులో ఆగిపోతే, అదే ఎత్తులో 23 కిలోల బలానికే వాలుతుంది. ఊపుగా నెడుతున్న మనిషి చేతిలో ఆ బలం ఎప్పుడూ ఉంటుంది. మీ అబ్బాయి తప్పు ఏమీ లేదు, లెక్కలోనే వాలడం ఉంది.

మందు ఏమిటంటే, చక్రాలను మిషను కింద కాకుండా మిషను పక్కన పెట్టాలి. 50 మిల్లీమీటర్ల ఇనుప యాంగిల్ 6 మిల్లీమీటర్ల మందంలో తీసుకుని, మిషను అడుగు అందులో దిగి కూర్చునేలా పళ్లెం లాంటి చట్రం చేయించండి. అడుగు భాగం నేల నుంచి ముప్పాతిక అంగుళానికి మించి లేవకూడదు. మిషనును చట్రానికి బోల్టులతో బిగించాలి, ఊరికే కూర్చోబెడితే చాలదు. చట్రం చేతులు ముందు వైపు 4 అంగుళాలు, వెనక వైపు 10 అంగుళాలు బయటకు రావాలి. ముందు తక్కువ ఎందుకంటే అక్కడ మీరు నిలబడతారు, కాళ్లకు తగులుతుంది. వెనక ఎక్కువ ఎందుకంటే కర్రను నెట్టేది ఆ వైపుకే. ఇలా చేస్తే ముందుకు వాలడానికి 54 కిలోలు, వెనక్కి వాలడానికి 79 కిలోలు కావాలి. బయటకు వచ్చిన చేతులకు పసుపు రంగు వేయండి, లేకపోతే తట్టుకుని పడేది మీరే.

ఈ చేతుల చివర వెనక రెండు తిరగని చక్రాలు, ముందు రెండు తిరిగే చక్రాలు. నాలుగూ తిరిగేవి పెడితే మిషను ఎటు పోతుందో దానికే తెలియదు. ప్రతి చక్రం పక్కనే ఎం16 నట్టు ఒకటి చట్రానికి వెల్డింగు చేయించి, అందులో పొడవాటి బోల్టు దింపండి. బోల్టు కింద నాలుగంగుళాల చదరపు ఇనుప పలక, దాని కింద గట్టి రబ్బరు. ఎం16 బోల్టు ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు దిగుతుంది. పలక నేలను తాకాక స్పానరుతో ఇంకో రెండు చుట్లు తిప్పితే చక్రం నేలను వదిలి గాలిలో తిరుగుతుంది. చేత్తో తిప్పి చూడండి. తిరిగితే బరువు కాళ్లమీద ఉన్నట్టే. చివరగా బోల్టు కదలకుండా దానిమీద ఇంకో నట్టు ఎక్కించి బిగించండి. నాలుగు మూలలా ఈ పని చేయడానికి పట్టే సమయం టీ చల్లారేంత కూడా ఉండదు. కాలితో తొక్కగానే చక్రాలు లేచే మీట అమరికలు ఉన్నాయి, బాగుంటాయి కూడా. అయితే వాటి మడతబందులు వదులైతే మళ్లీ ఊగుడు మొదలవుతుంది. బోల్టులో వదులయ్యేది ఏమీ లేదు.

చక్రాలు ఏవి కొనాలంటారా? పాలీయూరిథేన్ పూత ఉన్నవి, 5 అంగుళాల వ్యాసం. రబ్బరువి రోజుల తరబడి బరువు మోస్తే ఒకవైపు అణగిపోతాయి. నైలాన్‌వి తేలికగా దొర్లుతాయి, చప్పుడు ఎక్కువ. ఇనుపవి మీ బండలను పగలగొడతాయి. మూడంగుళాల చక్రాలు చూడముచ్చటగా ఉంటాయి కానీ బండల సందులో, రంపపు పొట్టు ముద్దల దగ్గర మొండికేస్తాయి. బరువు లెక్కలో మాత్రం జాగ్రత్త. 200 కిలోలను నాలుగు చక్రాలకు పంచి 50 కిలోల చక్రం చాలనుకోకండి. ఎగుడుదిగుడు నేలమీద ఎప్పుడూ ఏదో ఒక చక్రం గాలిలోనే ఉంటుంది, బరువంతా మూడే మోస్తాయి. అంటే 67 కిలోలు. సందులో పడ్డప్పుడు అదురు అదనం. 100 కిలోలకు తగ్గనివి తీసుకోండి.

ప్లేనరు కథ వేరు. అది పొట్టిది, వెడల్పాటిది, వాలదు. దాని జబ్బు మెలిక. పోత ఇనుప బల్లలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటేనే చిత్రిక సరిగ్గా పడుతుంది. కింది స్టాండు నాలుగు కాళ్లలో ఒకటి కాస్త పొట్టిగా నిలబడితే, 300 కిలోల బరువుకు స్టాండు ఆ మూలకు ఒంగుతుంది. దానితోపాటు బల్లలూ మెలి తిరుగుతాయి. పలక చిత్రిక పట్టి చూస్తే మెలి తిరిగి వస్తుంది, మీరేమో కత్తులు సరిగ్గా అమరలేదనుకుని గంటల తరబడి వాటితో కుస్తీ పడతారు. ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు నేలమీద వేసినా ఊగదు, ఎందుకంటే మూడు కాళ్లకు ఎక్కడైనా ఒక మట్టం దొరుకుతుంది. ప్లేనరునూ అలాగే మూడు కాళ్లమీద నిలపండి: మోటారు ఉన్న వైపు రెండు, అవతలి వైపు మధ్యలో ఒకటి. అవతలి రెండు మూలల్లో మరో రెండు బోల్టు కాళ్లు పెట్టి, అవి నేలను తాకీ తాకనట్టు దింపి వదిలేయండి. బరువు మోయడం వాటి పని కాదు, పెద్ద దూలం మూలమీద పడ్డప్పుడు మిషను ఒరిగిపోకుండా ఆపడానికే అవి.

దీన్ని జరపడానికి నాలుగు చక్రాలు అక్కర్లేదు, రెండు చాలు. మూడు కాళ్లలో రెండు ఉన్న చివర, ఆ కాళ్లకు ఇంకా 6 అంగుళాలు బయటగా, రెండు తిరగని చక్రాలను చట్రానికి బిగించండి. మిషను నిలబడి ఉన్నప్పుడు వాటికీ నేలకూ మధ్య రెండు హ్యాక్సా బ్లేడులు కలిపి దూర్చేంత సందు ఉండాలి. అంతకు మించితే వేరే చివరను చాలా ఎత్తాల్సి వస్తుంది. రెండో చివర ఎత్తడానికి ఒక బండి మీట కావాలి. 4 అడుగుల గట్టి గొట్టం పిడిగా, కింద రెండు చక్రాల ఇరుసు, ఇరుసుకు 4 అంగుళాల ముందు గుండ్రటి తల ఉన్న మేకు. ఆ మేకు చట్రం కింద ఉన్న రంధ్రంలో దూరాలి. పిడిని కిందికి నొక్కితే మేకు పైకి లేస్తుంది, దానితో మిషను చివర లేస్తుంది, అవతలి చక్రాలు నేలను తాకుతాయి. ఇక పిడి పట్టుకుని లాక్కుపోవడమే, మలుపులు కూడా దానితోనే.

బలం సరిపోతుందా అంటే చూడండి. స్టాండు పొడవు 40 అంగుళాలనుకుంటే ఆ చివర ఎత్తాల్సిన బరువు 170 కిలోలు. మీట 48 కి 4, అంటే పన్నెండింతలు. మీ చేతిమీద పడేది 14 కిలోలు. మిషను చివర నాలుగైదు సెంటీమీటర్లు లేవాలి, అందుకు పిడి రెండడుగుల దాకా దిగుతుంది. నడుం ఎత్తు నుంచి మోకాలి దాకా వస్తుందనుకుని పిడి వంపు చేయించండి. ఈ మీట ఒకటి చాలు, ఇంకో మిషను కొన్నా దానికీ అదే. వెల్డింగు అయ్యాక చట్రం మెలి తిరిగిందో లేదో చూడడానికి మూలకు మూల రెండు దారాలు బిగించి కట్టండి. మధ్యలో ఒకదానినొకటి తాకీ తాకనట్టు ఉంటే చట్రం సరిగ్గా ఉంది. సందు కనిపిస్తే మళ్లీ వెల్డరు దగ్గరికే. దారాలను కింద పైన మార్చి కట్టి ఇంకోసారి చూడడం మరవకండి, ఒకదాని మీద ఇంకొకటి ఒత్తుకుంటుంటే ఒక్కసారిలో తెలియదు.

ఇప్పుడు బండల సంగతి. నేల తవ్వించి కాంక్రీటు వేయించమని చెప్పను. మిషన్లు జరిపే దారిలోనూ నిలిపే చోటా బండలను కర్రతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన బండ కింద గుల్ల ఉన్నట్టే, దానిమీద చక్రం ఎక్కితే ఏదో రోజు పగులుతుంది. ఆ నాలుగైదు బండలను లేపించి కింద సిమెంటు కూరించి మళ్లీ పరిపించండి. సందులు పూడ్పించండి. నిలిపే చోట్లు ఖాయమయ్యాక, ఒక్కో కాలు ఆనే చోట నేలమీద రంగుతో గుర్తు పెట్టండి. కాళ్లను ఒకసారి మట్టం చూసి సరిచేశాక, మిషను ప్రతిసారీ అవే గుర్తుల మీదకు వస్తే మళ్లీ మట్టం చూసే పని దాదాపు ఉండదు. నాలుగంగుళాలు అటూ ఇటూ నిలిపితే మొదటికి వస్తుంది. ఇంకొకటి, నేల కడిగిన నీళ్లు పోవాలని షట్టరు వైపు వాటం ఇచ్చి ఉంటారు. అరవై అడుగులకు అడుగు వాటం ఉన్నా 200 కిలోల మిషనును మూడు కిలోలకు పైగా బలం కిందికి లాగుతుంది. గట్టి చక్రాలు నున్నటి నేలమీద ఆ మాత్రానికే దొర్లవచ్చు. జరుపుతూ మధ్యలో వదిలి ఫోను మాట్లాడడానికి వెళ్లకండి.

బ్యాండ్‌సాను జరిపేటప్పుడు రంపం పట్టీని పక్కకు పోకుండా పట్టే పై గైడును పూర్తిగా దించి, చెయ్యి నడుం ఎత్తులో పెట్టి నెట్టండి. పైన పట్టుకుని మీ వైపుకు లాక్కోవడం మాత్రం ఎన్నడూ వద్దు.

మీరు ఉత్తరంలో రాయని ఒక విషయం నాకు ఎక్కువ భయంగా ఉంది. ఈ మిషన్లలో ఏదైనా మూడు ఫేజుల మోటారుతో నడుస్తుంటే, ఇప్పుడు వైరు గోడ నుంచి నేరుగా వచ్చి ఉంటుంది, ఎర్తు పట్టీ మిషను కాలికి బిగించి ఉంటుంది. మిషనును కదిపే రోజు చాలా షెడ్లలో చేసే పని ఆ పట్టీని కత్తిరించి పక్కన పడేయడం. మోటారు చట్రానికి రెండు వేర్వేరు ఎర్తు తీగలు ఉండాలన్నది మన విద్యుత్ నిబంధనల్లో ఎప్పటినుంచో ఉన్నదే. మిషను కదిలేదైనా ఎర్తు విషయంలో రాజీ పడకండి. ఎర్తు తీగ కూడా కలిసి ఉన్న మెత్తటి రాగి కేబులు, ఐదు పిన్నుల ఇండస్ట్రియల్ ప్లగ్గు పెట్టించండి. దానికి తోడు రెండో ఎర్తుకు విడిగా ఒక ఆకుపచ్చ తీగ, చేత్తో విప్పి బిగించే నట్టుతో. నిలిపే ప్రతిచోటా దానికి ఎర్తు బిందువు సిద్ధంగా ఉండాలి.

రెండు మూడు చోట్ల సాకెట్లు పెట్టిస్తే అన్నింటిలో ఫేజుల వరుస ఒకటే ఉండాలి. ఎక్కడైనా రెండు ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. బ్యాండ్‌సా పళ్లు పైకి పరిగెత్తి కర్రను బల్లమీద నుంచి లేపి విసురుతాయి. కొత్త సాకెట్‌లో పెట్టిన మొదటిసారి కర్ర లేకుండా, మిషను తలుపులు మూసి, స్విచ్చి ఒక్క క్షణం నొక్కి వదిలి ఎటు తిరుగుతుందో చూడండి. కేబులు నేలమీద పరిచి దానిమీద మిషను ఎక్కించడం కూడా నేను చూశాను. పైనుంచి వేలాడదీయండి.

ఇక మిగతా రెండింటికీ చక్రాలు పెట్టించాలా అని అడిగారు. వద్దు. పిల్లర్ డ్రిల్లుకు కావలసింది రెండు పక్కలా చోటు మాత్రమే. గోడ వారగా పెట్టి నేలకు బోల్టులు బిగించండి. లేతు అయితే మరీ వద్దు. గుండ్రంగా కాని దుంగ ఎక్కించి తిప్పిన మొదటి నిమిషంలో అది ఎంత గంతులేస్తుందో మీకు తెలుసు. దాని కింద ఉండాల్సింది ఇసుక బస్తాలు. స్టాండు కింది అరలో రెండు మూడు బస్తాలు పెట్టి చూడండి, అంచు నునుపులోనే తేడా తెలుస్తుంది.

నిజానికి ప్లేనరును కూడా మీరు అనుకున్నంతగా జరపాల్సిన అవసరం ఉండకపోవచ్చు. ఏడడుగుల తలుపు కర్రకు మిషను ముందు ఏడడుగులు, వెనక ఏడడుగులు కావాలి. 28 అడుగుల గదిలో దాన్ని పొడవు వాటంగా, షట్టరుకు ఎదురుగా పెడితే ఆ చోటు ఉంది. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటు కోసేటప్పుడు షట్టరు ఎత్తితే ఇంకా బయటకు కూడా పోతుంది. బ్యాండ్‌సా బల్ల, రంపం బల్ల, మీ పని బల్ల ఒకే ఎత్తుకు తేగలిగితే ఒకదాని మీద కోసిన కర్ర ఇంకొకదాని మీద ఆనుతుంది. అడ్డంగా ఉందని మీరు జరపాలనుకుంటున్న మిషనే అప్పుడు ఆసరా అవుతుంది. బ్యాండ్‌సా చట్రం చేయించే ముందే ఈ ఎత్తులు కొలవండి, ఎందుకంటే బోల్టు కాళ్లతో అంగుళం దాకా సర్దుకునే వీలు అప్పుడే పెట్టించుకోవచ్చు.

మునుముందు నాలుగైదు బరువు మిషన్లు వస్తాయనుకుంటే ఇంకో దారి ఉంది. గోదాముల్లో వాడే చేతి పాలెట్ ట్రక్కు. బరువు కిందకు దూర్చే దాని రెండు ఇనుప చేతులు, అంటే ఫోర్కులు, దింపినప్పుడు ఎత్తు 85 మిల్లీమీటర్లు, ఎత్తినప్పుడు 200 మిల్లీమీటర్ల దాకా. రెండు టన్నులకు పైగా మోస్తుంది. ప్రతి మిషను కింద 4 అంగుళాల ఎత్తు పట్టాలు రెండు బిగిస్తే ఒకే ట్రక్కు అన్నింటినీ జరుపుతుంది, మిషన్లు మాత్రం ఎప్పుడూ పట్టాల మీదే నిలబడతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వాడినవి వెతికించండి. కొనేముందు బరువు ఎత్తించి పది నిమిషాలు వదిలేసి, నూనె కారి కిందికి దిగుతోందేమో చూడండి. బ్యాండ్‌సా లాంటి పొడవాటి మిషనుకు మాత్రం ఇది నప్పదు. ఎత్తిన కొద్దీ వాలే భయం పెరుగుతుంది.

మొదట బ్యాండ్‌సా చట్రం ఒక్కటే చేయించండి. దానితో కొన్నాళ్లు పనిచేశాక ప్లేనరు సంగతి చూడవచ్చు. ఆ చట్రానికి కొలతలు తీసేటప్పుడు స్టాండు నాలుగు కాళ్ల మధ్య దూరాలు, మోటారు ఏ వైపు ఉందో రాసి పంపితే, మూడు కాళ్లు ఎక్కడ రావాలో లెక్క వేసి చెబుతాను.